బొమ్మ రైలుకూ ఒక పని ఉండాలి

గుండ్రంగా వేసిన పట్టాల మీద చిన్న రైలు తిరుగుతుంటే మొదటి చుట్టు ఇంట్లో అందరూ వంగి చూస్తారు. పదో చుట్టుకు చూసేవాళ్లు ఉండరు. ఖరీదైన ఇంజను కొన్నా, దానికి దీపాలూ కూతా పెట్టినా, మధ్యలో కొండా గుడీ చెరువూ కట్టినా ఈ సంగతి పెద్దగా మారదు; పది చుట్లు ఇరవై అవుతాయి, అంతే. రైలు నమూనాలు కట్టే అభిరుచి మీద పెట్టిన డబ్బూ, ఖర్చయిన సెలవు రోజులూ చాలాసార్లు ఇలాగే అటకెక్కుతుంటాయి. తప్పు చేతిపనిది కాదు. ఆ రైలుకు వెళ్లాల్సిన చోటంటూ లేదు. అది ఏం మోస్తోంది, ఎవరి దగ్గర్నుంచి ఎవరి దగ్గరికి మోస్తోంది, ఒకరోజు రాకపోతే ఎవరి పని ఆగుతుంది అని అడిగితే కట్టినవారి దగ్గర కూడా జవాబు ఉండదు. మోడల్ రైల్వే లేఅవుట్‌కు పట్టాలకంటే ముందు సమకూర్చుకోవాల్సింది ఆ జవాబే. అది దొరికితే చిన్న బల్ల కూడా పెద్ద రైల్వే అవుతుంది. దొరకకపోతే హాలంత లేఅవుట్ కూడా బొమ్మగానే మిగులుతుంది.

లేఅవుట్ అంటే బల్ల మీదో, గోడవారగా బిగించిన పలక మీదో అసలు రైల్వేను కొలత ప్రకారం కుదించి కట్టడం. ప్రపంచంలో ఎక్కువమంది వాడే కొలత హెచ్‌ఓ. అందులో ప్రతిదీ అసలులో 87వ వంతు ఉంటుంది, పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. స్థలం తక్కువున్నవారు 160వ వంతు ఉండే ఎన్ స్కేలు వైపు మొగ్గుతారు. అక్కడ పట్టాల మధ్య దూరం 9 మిల్లీమీటర్లే. 1891లో జర్మనీకి చెందిన మార్క్లిన్ సంస్థ బొమ్మ రైళ్ల పట్టాల వెడల్పులను ఒక పద్ధతిలో పెట్టి, తర్వాత తర్వాత కొని కలుపుకోగలిగే పట్టాల ముక్కలను లైప్‌జిగ్ సంతలో చూపించింది. వంపు ముక్కలు కొన్ని కలిపితే గుండ్రం, ఇంకొన్ని కలిపితే ఎనిమిది అంకె. బొమ్మ రైలంటే చుట్టూ తిరిగేదన్న అలవాటు అలా పెట్టెలోంచే వచ్చింది. అది అమ్మకానికి వీలైన ఆకారం. ఆ ఆకారంలో నడిచే అసలు రైల్వే మాత్రం మనకు అరుదుగానే కనిపిస్తుంది.

అసలు రైల్వేలో ఒక్క మీటరు పట్టా కూడా ఊరికే పడదు. కొండను తొలిచే ముందు, నదిని దాటే ముందు ఎవరో ఒకరు లెక్క వేస్తారు: ఏ సరుకు, ఎన్ని టన్నులు, ఎన్నేళ్లపాటు? మనకు బాగా తెలిసిన కొత్తవలస–కిరందుల్ మార్గాన్నే, అంటే కేకే లైనునే తీసుకుందాం. ఇవాళ అరకు వెళ్లే చాలామందికి అది సొరంగాలూ లోయలూ చూపించే పర్యాటక రైలు మార్గం. 2017 నుంచి అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టె కూడా నడుస్తోంది. కానీ 1960ల్లో జపాన్ సహకారంతో ఆ లైను వేసింది లోయలు చూపించడానికి కాదు. బైలడిలా కొండల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం రేవుకు చేర్చి, అక్కడి నుంచి ఓడల్లో జపాన్ ఉక్కు మిల్లులకు పంపడానికి. తర్వాత విశాఖలో ఉక్కు కర్మాగారం వచ్చాక ఆ ఖనిజానికి రెండో గమ్యం కూడా ఏర్పడింది. కేకే లైనులో మనం మెచ్చుకునే ప్రతి అందమూ ఈ అవసరం వెనకే వచ్చింది. బొర్రా గుహల స్టేషను, షిమిలిగుడ చలి, వరుసగా వచ్చే యాభై ఎనిమిది సొరంగాలు, ఇవన్నీ ఖనిజం బండికి దారి వెతకడంలో దొరికినవే.

ఆ ఒక్క అవసరం ఎన్ని విషయాలను శాసించిందో చూస్తే లేఅవుట్ ప్లాను వేసేవారికి సగం పాఠం అక్కడే దొరుకుతుంది. గని నుంచి రేవు దాకా అంతా దిగుడే అనుకోకూడదు. జగదల్‌పూర్ వైపు నుంచి వచ్చే లోడు బండి కోరాపుట్ పీఠభూమికి ఎక్కి, సముద్రమట్టానికి సుమారు 996 మీటర్ల ఎత్తున్న షిమిలిగుడ దాటి, అక్కడి నుంచి కోస్తా మైదానానికి దిగాలి. కశ్మీరు లైను రాకముందు బ్రాడ్‌గేజి మీద దేశంలో అంతకంటే ఎత్తైన స్టేషను లేదు. ఈ ఘాట్‌లో వాలు అరవై మీటర్లకు ఒక మీటరు. బరువైన రేక్ (ఒకే బండిగా కలిపిన వ్యాగన్ల వరుస) దిగేటప్పుడు లాగడం కంటే ఆపడం కష్టం, అందుకే బలమైన బ్రేకులున్న ఇంజన్లు, అవీ ఒకటికి మించి కావాలి. 1980ల చివర స్వీడన్, జపాన్‌ల నుంచి తెప్పించిన డబ్ల్యూఏజీ-6 రకం ఇంజన్లను వాల్తేరు షెడ్డులో ఉంచి ఈ మార్గంలో నడిపారు. వ్యాగన్లను గమనించినా అదే కథ. ఇనుప ఖనిజం బొగ్గుకంటే రెట్టింపుకు పైగా బరువు. బొగ్గు నింపితే వ్యాగన్ అంచుదాకా కుప్ప కనిపిస్తుంది. అదే వ్యాగన్‌లో ఖనిజం నింపితే సగానికే బరువు పరిమితి వస్తుంది, పైనుంచి చూస్తే సగం ఖాళీగా ఉంటుంది. తెలియక మోడల్ వ్యాగన్ నిండా ఎర్రరాయి కుప్ప పోస్తే, చూసేవారికి ఎందుకో చెప్పలేని తేడా తగులుతుంది. కారణం తెలిసినవాడు సగమే పోస్తాడు, ఆ సగమే నమ్మకం కలిగిస్తుంది.

ఘాట్ సెక్షన్లలో కొన్నిచోట్ల మెయిన్ లైను నుంచి విడిపోయి, కొండ ఎగువకు కొంతదూరం పోయి ఆగిపోయే పట్టా ఒకటి ఉంటుంది. దానిపై బండ్లు రోజూ నడవవు, అది ఏ ఊరికీ పోదు. దాని పేరు క్యాచ్ సైడింగ్. అదుపుతప్పి దిగుతున్న బండిని ఆ ఎత్తు మీదికి మళ్లిస్తే తన బరువుతో తానే ఆగుతుంది. లేఅవుట్‌లో ఒక మూలకు అలాంటి ముప్పై సెంటీమీటర్ల పట్టా వేసి, మొదట్లో దాని పేరు రాసిన పలక పెడితే చాలు, ఆ కొండ ఎంత ప్రమాదకరమో వెయ్యి చెట్లు నాటినా చెప్పలేనంత బాగా చెబుతుంది. సొరంగాల సంగతీ అంతే. చాలా లేఅవుట్లలో చదునైన నేల మీద ఒంటరి గుట్టొకటి, దాన్ని తొలిచిన సొరంగం ఒకటి కనిపిస్తాయి. ఏ ఇంజనీరైనా అలాంటి గుట్టను చుట్టిపోతాడు, లేదా తవ్వి కందకంలోంచి లైను తీసుకుపోతాడు. సొరంగం ఆఖరి మార్గం. దానికి కారణం చూపించలేకపోతే ఆ గుట్ట గోడకు వేలాడదీసిన పటం లాంటిదే.

ఇంత పెద్ద లైను ఇంట్లో ఎలా పడుతుందని అడగడం న్యాయమే. పట్టదు. లెక్క చూడండి. విశాఖ నుంచి అరకు రైలు దారి దాదాపు 130 కిలోమీటర్లు. హెచ్‌ఓలో అది ఒకటిన్నర కిలోమీటర్లు. బాక్స్‌ఎన్ వ్యాగన్ పొడవు సుమారు 10.7 మీటర్లు, అంటే మోడల్‌లో 12.3 సెంటీమీటర్లు; యాభై ఎనిమిది వ్యాగన్ల పూర్తి రేక్ ఇంజన్లు కలపకుండానే ఏడు మీటర్లు దాటుతుంది. మన బ్రాడ్‌గేజిలో అనుమతించే అత్యంత బిగువైన వంపు వ్యాసార్ధం 175 మీటర్లు. దాన్ని 87వ వంతు చేసినా రెండు మీటర్లు, అంటే ఒక్క మలుపు తిరగడానికి నాలుగు మీటర్ల వెడల్పు గది కావాలి. మోడల్ రైళ్లు మామూలుగా తిరిగేది 46 నుంచి 60 సెంటీమీటర్ల వ్యాసార్ధంలో. కనుక కొలత ప్రకారం ఎవరూ కట్టలేరు. అందరూ కోసేవాళ్లే. ఏది కోయాలి, ఏది ఉంచాలి అన్నదే ప్లాను. పని తెలియని ప్లానులో కోత అడ్డదిడ్డంగా పడుతుంది: ఒక వంతెన, ఒక సొరంగం, ఒక స్టేషను, ఒక వర్క్‌షాపు, ఒక సిమెంటు ఫ్యాక్టరీ, అన్నీ పళ్లెంలో పులిహోర పక్కన పెరుగన్నం పక్కన జిలేబీలాగా. పని తెలిసిన ప్లానులో ప్రశ్న ఒక్కటే. దీన్ని తీసేస్తే ఖనిజం రేవుకు చేరుతుందా? చేరితే తీసేయవచ్చు.

ఆ ప్రశ్నతో కేకే లైనును గదిలోకి తెద్దాం. గోడ పొడవు 3.6 మీటర్లు అనుకుందాం, అంటే మామూలు పన్నెండడుగుల గది. రేక్‌ను ఎనిమిది వ్యాగన్లకు తగ్గిస్తే 98 సెంటీమీటర్లు. ఇరవై మీటర్ల పొడవుండే ఇంజను మోడల్‌లో 23 సెంటీమీటర్లు కాబట్టి రెండు ఇంజన్లకు 46. వెనక గార్డు బ్రేక్ వ్యాన్‌కు మరో 14 వేసుకుంటే మొత్తం 158. సింగిల్ లైను మీద ఎదురెదురు బండ్లు తప్పుకోవాలంటే స్టేషనులో లూపు కావాలి, ఆ లూపు బండికంటే పొడవుండాలి. 170 సెంటీమీటర్ల నిలుపు, రెండు చివర్లా పాయింట్లకు చెరో పాతిక, కలిపి 220. గోడలో అరవై శాతం ఒక్క చిన్న స్టేషనుకే పోయింది. మిగిలిన 140 సెంటీమీటర్లలో అరవైకి ఒకటి వాలు ఇస్తే లేచేది రెండున్నర సెంటీమీటర్ల లోపే. దాన్ని ఎవరూ కొండ అనరు. కాబట్టి లైను గది చుట్టూ తిరగాలి. 3.6 మీటర్లకు 3 మీటర్ల గదిలో గోడల వెంట ఒక చుట్టు 13 మీటర్లు. స్టేషన్ల దగ్గర చదును పోగా పదిహేను సెంటీమీటర్లు పైకి చేరవచ్చు. అప్పుడు పైలైను కిందిలైనును దాటుతుంది, సొరంగానికి కారణం దొరుకుతుంది, ఘాట్ కనిపిస్తుంది. గమనించండి, ఇందులో అందం గురించి ఇంకా ఒక్క మాట రాలేదు. వ్యాగన్ల సంఖ్యే లూపును, లూపే స్టేషనును, స్టేషనే వాలును నిర్ణయించింది. చెట్లూ గుట్టలూ ఆ తర్వాతి పని, అప్పుడవి ఎక్కడ ఉండాలో వాటంతటవే చెబుతాయి.

ఇక గనీ రేవూ ఎక్కడ? రెండూ కనిపించనక్కర్లేదు. ఈ అభిరుచిలో అన్నిటికంటే తెలివైన ఏర్పాటు ఇదేనని నా అభిప్రాయం. కింది చివర ఒక తెర వెనక మూడు నాలుగు పట్టాల యార్డు దాచి దానికి ‘రేవు’ అని, పై చివర బీరువా వెనక అలాంటిదే మరొకటి దాచి దానికి ‘గని’ అని పేరు పెడతారు. మనకు కనిపించేది మధ్యలోని ఘాట్, ఒకటో రెండో స్టేషన్లు మాత్రమే. గని నుంచి నిండు రేక్ వస్తుంది, రేవులోకి దిగి మాయమవుతుంది. కాసేపటికి రేవు నుంచి ఖాళీ రేక్ పైకి ఎక్కుతుంది. గుండ్రటి లేఅవుట్‌లో ఇది జరగదు. అక్కడ నిండు బండి కొండ దిగి, చుట్టూ తిరిగి, మళ్లీ నిండుగానే కొండెక్కుతుంది; రేవు నుంచి గనికి ఖనిజం మోస్తున్నట్టు ఉంటుంది. చూసేవారు పైకి అనకపోయినా మనసులో నమ్మకం అక్కడే తెగుతుంది. దాచిన యార్డులో వ్యాగన్ల లోడును చేత్తో తీసేయవచ్చు. స్పాంజి ముక్క మీద ఎర్రటి పొడి అంటించి, లోపల చిన్న ఇనుప బిళ్ల పెడితే అయస్కాంతంతో టక్కున పైకి లేస్తుంది. ఇనుప ఖనిజాన్ని అయస్కాంతంతో దించడం కంటే సముచితం ఏముంటుంది!

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో డెల్టా లైన్స్ అనే లేఅవుట్ కట్టిన ఫ్రాంక్ ఎలిసన్ నాటకరంగం నుంచి వచ్చినవాడు. 1940ల్లో రాసిన వ్యాసాల్లో ఆయన లేఅవుట్‌ను రంగస్థలంతో పోల్చాడు. రైళ్లు పాత్రధారులు, దృశ్యం తెరలాంటిది, టైంటేబులు కథ. 1963లో జాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ ‘ట్రాక్ ప్లానింగ్ ఫర్ రియలిస్టిక్ ఆపరేషన్’ పుస్తకం ప్రచురించాక పట్టాల ప్లాను వేయడం ఒక శాస్త్రంగా నిలబడింది. అసలు రైల్వే పని ఎలా చేస్తుందో ముందు చెప్పి, దాన్ని గదిలోకి ఎలా మలచాలో తర్వాత చెప్పడం ఆయన పద్ధతి. ఆ తర్వాత ఒహాయో రాష్ట్రంలో అలెన్ మెక్‌లెలాండ్ తన వర్జీనియన్ అండ్ ఒహాయో లేఅవుట్‌తో మరో అడుగు వేశాడు. అపలాచియన్ కొండల బొగ్గు మోసే ఆ కల్పిత రైల్వే తన నేలమాళిగలో అంతం కాదని, గోడ అవతల దేశమంతా ఉన్న రైల్వేలతో కలిసే ఉందని ఆయన భావించాడు. గోడ అవతలి దేశాన్ని కట్టనక్కర్లేదు, దాచిన యార్డులోంచి వచ్చే బండి ఆ దేశాన్ని మోసుకొస్తుంది. మన ఉదాహరణలో కొత్తవలస చేసే పని అదే. మెయిన్ లైనుతో కలిసే ఆ జంక్షన్ పేరు పలక మీద ఉంటే చాలు, దేశంలో ఎక్కడి వ్యాగనైనా అక్కడికి రావచ్చు.

ఇది ఆట కదా, ఆఫీసు పనిలా ఇంత లెక్కలెందుకు అనేవారున్నారు. సాయంత్రం ఇంటికొచ్చి రైలును తిప్పుకుని సంతోషించడానికి రేవూ గనీ టన్నులూ ఏమిటి? నా రైలు, నా ఇష్టం. ఈ మాటలో సగం నిజం ఉంది. ఇష్టం లేకుండా ఎవరూ ఈ పని చేయరు. కానీ ఆట అంటే లెక్క లేనిదని ఎవరన్నారు? అష్టాచెమ్మాలో కాయ గడులన్నీ తిరిగి మధ్య ఇంటికి చేరి పండాలి. పండాల్సిన ఇల్లు చెరిపేసి, గవ్వలు వేస్తూ కాయల్ని ఊరికే తిప్పమంటే అయిదు నిమిషాలు కూడా ఎవరూ కూర్చోరు. కాయకు చోటు ఉంది కాబట్టే చంపుతారని భయం, తప్పించుకోవడానికి ఆరాటం. రైలుకు పని ఇవ్వడం ఆ మధ్య ఇల్లు గీయడమే. అప్పుడు కిరందుల్ పాసింజరు వచ్చే వేళకు ఖనిజం రేక్ లూపులో పడాలి. ఆలస్యమైతే పాసింజరు ఔటర్‌లో ఆగుతుంది. ఆగిందంటే మీ తప్పే. ఆ చిన్న ఆరాటమే సాయంత్రాన్ని నింపుతుంది.

స్థలం లేదన్న అభ్యంతరం దీనికంటే బలమైనది, దానికి కేకే లైను జవాబు కాదు. రెండు గదుల ఫ్లాటులో గది చుట్టూ రైలు కట్టమనడం బాధ్యత లేని సలహా. కానీ పనికి స్థలంతో సంబంధం తక్కువ. బ్రిటన్‌లో అలన్ రైట్ రూపొందించిన ఇంగిల్‌నుక్ సైడింగ్స్ అనే అమరికలో ఉన్నవి మూడు సైడింగులే. ఒకదాంట్లో అయిదు వ్యాగన్లు పడతాయి, మిగతా రెండింట్లో మూడేసి. ఎనిమిది వ్యాగన్లలోంచి చీటీ తీసిన వరుసలో అయిదింటిని జతచేయాలి. ఆ వరుసలు 6,720 రకాలుగా రావచ్చు. పుస్తకాల అరంత పలక మీద ఇంత ఆట ఉండటం అద్భుతమే. అయినా అది గళ్ల నుడికట్టు లాంటి పజిలే, ఆ వరుస ఎందుకు కావాలో అందులో లేదు. దానికి ఒక ఊరూ ఒక కాలమూ ఇచ్చి చూడండి. 1970ల్లో అనకాపల్లి లాంటి బెల్లం మార్కెట్ ఉన్న ఊరి గూడ్సు షెడ్డు అనుకుందాం. సీజనులో బెల్లం దిమ్మెలు బయటికి వెళ్తాయి; సిమెంటు, ఎరువు, ఉప్పు, కిరోసిన్ లోపలికి వస్తాయి. బెల్లం వ్యాగను తడవకూడదు కాబట్టి కప్పున్నదే కావాలి, షెడ్డు గట్టు పక్కనే నిలవాలి. కిరోసిన్ ట్యాంకును షెడ్డుకు దూరంగా పెట్టాలి. ఎరువు దించడం పూర్తి కాని వ్యాగన్ దారికి అడ్డంగా ఉంది, దాన్ని తీయకుండా బెల్లం బయటికి రాదు. అదే మూడు సైడింగులు, అవే ఎనిమిది వ్యాగన్లు. కానీ ఇప్పుడు ప్రతి కదలికకూ కారణం ఉంది.

కాలం అన్నాను, అది అలంకారం కాదు. మన రైల్వేలు 1980ల నుంచి విడివిడి వ్యాగన్ల రవాణాను వదిలి పూర్తి రేక్‌ల వైపు మళ్లాయి. అంతకుముందు చిన్న స్టేషన్ల గూడ్సు షెడ్డులో ఒక వ్యాగను వదిలి రెండు తగిలించుకుని వెళ్లే బండ్లు ఉండేవి. ఇవాళ బియ్యం గోదాముల సైడింగుకు వచ్చేది ఒకే సరుకు నింపుకునే మొత్తం రేక్. సైడింగు పొట్టిదైతే దాన్ని రెండు ముక్కలు చేసి ఒకదాని తర్వాత ఒకటి లోపలికి తోస్తారు. షంటింగు ఇష్టపడేవారు పాత కాలాన్ని ఎంచుకోవాలి. పొడవైన బండి ఠీవిగా వెళ్లడం చూడాలనుకునేవారికి ఇవాళ్టి కాలమే తగినది. ఆవిరి ఇంజను పక్కన వందే భారత్ పెట్టి రెండూ కావాలంటే రెండింటి పనీ చెడుతుంది.

నిజమైన లైనే కట్టాలా, ఊహకు చోటు లేదా అని మరికొందరి సందేహం. ఊహకు ఎంతైనా చోటుంది, అయితే అది తార్కికంగా నడవాలి. ఇంగ్లండులో చర్చి మతాధికారిగా పనిచేసిన పీటర్ డెన్నీ రెండో ప్రపంచయుద్ధం తర్వాత మొదలుపెట్టి దశాబ్దాలపాటు పెంచిన లేఅవుట్ పేరు బకింగ్‌హామ్. ఊరు నిజమే. కానీ గ్రేట్ సెంట్రల్ రైల్వే ఆ ఊరికి శాఖ ఎన్నడూ వేయలేదు. వేసి ఉంటే ఎలా ఉండేదన్నదే ఆయన ఊహ. ఆ ఒక్క అబద్ధం ఆడాక మిగిలినదంతా నిజంగానే నడిపాడు: టైంటేబులు, స్టేషను నుంచి స్టేషనుకు గంటల సంకేతాలు, అన్నీ ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్లలో ఎలా ఉండేవో అలాగే. తోడుగా రైళ్లు నడిపే కొడుకు ఇంట్లో లేనప్పుడు అతని వంతు చేయడానికి ఒక యంత్రాన్ని తయారుచేసి, దానికి ‘ఆటోమేటిక్ క్రిస్పిన్’ అని కొడుకు పేరే పెట్టుకున్నాడు. ఇంత శ్రద్ధ కల్పిత లైను మీద పెట్టగలిగాడంటే, అది ఎందుకుందో ఆయనకు స్పష్టంగా తెలుసు కాబట్టే. మన దగ్గరా కలపని ఊళ్లు, పడని లైన్లు ఎన్నో ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని ఎంచుకుని ఏ పంట, ఏ గని, ఏ రేవు దానికి డబ్బు పెట్టేదో రాసుకుంటే అది కూడా నమ్మదగిన రైల్వే అవుతుంది.

హాంబర్గ్‌లో 2001లో మొదలైన మినియేచర్ వండర్‌ల్యాండ్‌నూ, పుణెలోని జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియాన్నీ చూపించి, అక్కడ రైళ్లు తిరుగుతూనే ఉంటాయి కదా, జనం ఎగబడి చూస్తున్నారు కదా అని ఎవరైనా అనవచ్చు. నిజమే. అక్కడికి వచ్చినవారు కాసేపు చూసి వెళ్లిపోతారు. వారికి వరుసగా రైళ్లు కనిపించాలి, అదే ఆ ప్రదర్శనల పని. ఇంట్లో లేఅవుట్ కట్టేవారు దాని ముందు ఏళ్ల తరబడి కూర్చోవాలి. చూసి వెళ్లేవారి కోసం కట్టినదాన్ని కూర్చునేవారు నకలు చేస్తేనే చిక్కు.

మన బండ్ల మోడళ్లు దొరకవన్నది ఇంకో బాధ, ఇది నూటికి నూరుపాళ్లూ న్యాయమైన బాధ. బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు. హెచ్‌ఓలో అది 19.3 మిల్లీమీటర్లు కావాలి, బజారులో దొరికే పట్టా 16.5. మన వ్యాగన్లు ఆ పట్టాల మీద కాస్త ఇరుకు కాళ్లతో నిలబడ్డట్టు ఉంటాయి. ఇంజన్లు దిగుమతి చేసుకుంటే ధర మండిపోతుంది, అట్టతోనో ప్లాస్టిక్ రేకుతోనో సొంతంగా చేసుకుంటే నెలలు పడుతుంది. పని ముందు తేల్చుకోవడం వల్ల ఈ లోటు పోదు, కానీ ఖర్చు మాత్రం కచ్చితంగా తగ్గుతుంది. ఖనిజం లైనుకు కావాల్సింది ఒకే రకం వ్యాగన్లు, రెండు ఇంజన్లు, ఒక పాసింజరు. రాజధాని, శతాబ్ది, ఆవిరి ఇంజను, రైలు బస్సు, ఇవేవీ కొననక్కర్లేదు. ఒకే అచ్చుతో పదహారు వ్యాగన్లు చేసుకోవచ్చు. పట్టా మూడు మిల్లీమీటర్లు ఇరుకని కొలబద్ద పెట్టి చూసేవారు కనిపెడతారు. నిండు బండి కొండెక్కుతోందని మాత్రం పిల్లవాడైనా కనిపెడతాడు.

పనిని రోజూ గుర్తుచేసే సాధనాలు రెండే, రెండూ కాగితంతో అయ్యేవి. ఒకటి చీటీ. ప్రతి వ్యాగనుకూ ఒక అట్టముక్క, దాని మీద ఎక్కడ నింపుకోవాలి, ఎక్కడ దించాలి, ఖాళీ అయ్యాక ఎక్కడికి పోవాలి అని నాలుగు వైపులా నాలుగు ఆదేశాలు. ఒక విడత పూర్తవగానే చీటీ తిప్పుతారు, వ్యాగనుకు కొత్త పని పడుతుంది. రెండోది గడియారం. అసలు గంటను పావుగంటగా లెక్కించి నడిపితే ఆరు గంటల్లో ఒక రోజంతా గడిచిపోతుంది. ఘాట్‌లో ఖాళీ రేక్ ఎదురుచూపు అలసట కాకుండా ఉత్కంఠ అవుతుంది. వానాకాలం అనుకుని ఒక సాయంత్రం ఘాట్‌లో కొండచరియ పడినట్టు చీటీ పెట్టుకోవచ్చు. కేకే లైనులో అది నిజంగా జరిగేదే, అలాంటప్పుడు బండ్లను కోరాపుట్ నుంచి రాయగడ మీదుగా మళ్లిస్తారు. దామన్‌జోడి అల్యూమినా కర్మాగారం కూడా ఆ రాయగడ లైను మీదే ఉంది. ఒక్క చరియ పడితే ఎన్ని చీటీలు మారాలో ఆ సాయంత్రం తెలుస్తుంది.

లేఅవుట్ కట్టాలని మనసులో ఉన్నవారు దుకాణానికి వెళ్లే ముందు ఒక తెల్లకాగితం తీసుకోండి. మీకు తెలిసిన ఒక ఊరి పేరు రాయండి. దాని పక్కన ఆ ఊరి నుంచి బయటికి పోయే సరుకు ఒకటి, లోపలికి వచ్చే సరుకు రెండు, రోజుకు ఎన్ని వ్యాగన్లు, ఏ సంవత్సరం అన్నది రాయండి. ఒక ఆదివారం దగ్గర్లోని స్టేషన్ ప్లాట్‌ఫారం మీద కూర్చుని, ఎదురుగా వచ్చిన గూడ్సు బండిలో ఏముందో, ఎందుకు ఆగిందో, దేనికోసం దారి వదిలిందో చూసి రండి. పట్టాలు ఆ తర్వాత కొనండి.